బీరన్న చెవి ఓర్చిన అయస్కాంతం

గిరి చెయ్యి బరువు. పదిహేనేళ్లకే ఎదురుతిరిగిన పొట్టేలును కొమ్ములు పట్టి, మెడ వంచి కూలేసేవాడు. అతని తండ్రి బీరన్న చెయ్యి కూడా అలాంటిదే. రామన్నపేటకు ఆరు కిలోమీటర్ల దూరంలో, కురుమవాడలో ఉన్న ఆ ఇంట్లో మాట కంటే చెయ్యి ముందు లేచేది. కర్ర విరిగితేనే కొట్లాట ఆగేది.

చౌటుప్పల్ దగ్గర పెద్దరోడ్డు దాటుతుండగా లారీ గుద్ది గిరి చనిపోయి రెండేళ్లు కావస్తోంది. ముప్పై రెండేళ్ల వయసు. మోటార్లు చుట్టే గిరి అంటే రామన్నపేటలో ఇప్పటికీ రెండు మాటలు చెబుతారు. కాలిపోయిన బోరు మోటారును ఒక్క రోజులో బతికించి ఇచ్చేవాడని ఒకటి. కన్నతండ్రిని కొట్టాడని రెండోది. మొదటి మాట ఎంత నిజమో రెండోదీ అంతే నిజం. ఆ రెండోదాని తరువాత ఏడేళ్లపాటు అతను ఏం చేశాడో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం అది. గిరి తల్లి సైదమ్మ నీళ్ల కోసం బోరింగు దగ్గరికి వెళ్లిన కాసేపట్లో కుక్కలు దొడ్డిలో పడి రెండు గొర్రెపిల్లలను చీల్చేశాయి. బీరన్న వచ్చి చూశాడు. ఏమీ అడగలేదు. గొర్రెలు తోలే కర్ర తీసుకుని భార్యను కొట్టడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం అన్నానికని దుకాణం నుంచి వచ్చిన గిరి ముందు మాటతోనే అడ్డం పడ్డాడు. కర్ర సైదమ్మ భుజం మీద రెండు ముక్కలైంది. చేతిలో మిగిలిన ముక్కతో బీరన్న ఆమె తల మీదికి చెయ్యెత్తాడు. అప్పుడు గిరి అరచెయ్యి తండ్రి ఎడమ చెవి మీద పడింది.

ఒకే దెబ్బ. బీరన్న గోడకు తగిలి కూర్చుండిపోయాడు. చెవిలోంచి రక్తం సన్నగా మెడ మీదికి దిగింది. సైదమ్మ భుజం నుంచి కూడా రక్తం కారుతోంది. ఆమె లేచి, తన కొంగు తీసి మొగుడి చెవికి అదిమి, కొడుకు వైపు తిరిగింది.

“నా మొగుడు నన్ను కొట్టిండు. నడుమ నువ్వెవనివిరా?”

బీరన్న కుడిచెవి చిన్నప్పుడే చీము పట్టి పోయింది. మిగిలింది ఆ ఎడమ చెవి ఒక్కటే. నల్గొండ దవాఖానలో డాక్టరు లోపలి నరం దెబ్బతిన్నదని, కోత పెట్టినా లాభం లేదని చెప్పాడు. డోలు లాంటి లావు శబ్దాలు కొంత వినిపిస్తాయి. సన్నటి శబ్దాలు సరిగా అందవు, అందినప్పుడు కత్తి దించినట్టు నొప్పి పుడుతుంది. బస్సు హారన్, గిన్నె కింద పడిన చప్పుడు, పసిపిల్ల ఏడుపు, అన్నీ అంతే. బీరన్న తలకు, చెవులకు కలిపి తువ్వాల చుట్టుకుని తిరగడం అప్పటినుంచే.

ఎవరికైనా అది కష్టమే. బీరన్నకు అది ప్రాణం తీసినంత పని, ఎందుకంటే అతను ఒట్టి గొర్లకాపరి కాదు. బావమరిది ఐలేశం ఒగ్గుకథ చెబితే పక్కన డోలు వాయించేది అతనే. కురుమల దేవుడు బీరప్ప కథలో బీరన్న డోలు లేకపోతే ఊళ్లవాళ్లు ఐలేశానికి తాంబూలం ఇచ్చేవాళ్లు కాదు. దెబ్బ తిన్న నెలకు వలిగొండ అవతల ఒక ఊళ్లో కథకు కూర్చున్నాడు. తాళాలు గణగణ మోగాయి. బీరన్న డోలు పుల్ల కింద పెట్టి, చెవి పట్టుకుని, కథ మధ్యలోంచి లేచి రోడ్డెక్కాడు. ఇంటికి వచ్చి డోలును గొంగట్లో చుట్టి దూలానికి వేలాడదీశాడు.

కులపెద్దలు గిరిని పిలిచి బీరప్ప గుడి ముందు తండ్రి కాళ్ల మీద పడమన్నారు. పడ్డాడు. బీరన్న కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. కొడుకుతో కాదు, పక్కనున్న ఐలేశంతో అన్నాడు: “కాళ్లు మొక్కుడెందుకు. నా చెవి తెచ్చియ్యుమను.”

ఆ తరువాత బీరన్న కొడుకుతో మాట్లాడలేదు. పెళ్లికి వచ్చాడు, అక్షింతలు వేశాడు, వెళ్లిపోయాడు. గిరి, అతని భార్య నాగరాణి రామన్నపేటలో కిరాయికి గది తీసుకున్నారు. గది ముందే దుకాణం. తండ్రి మళ్లీ డోలు దించి కథలో కూర్చునేదాకా తన తలలోని ముల్లు ఊడి రాదని గిరి నాగరాణితో ఒక్కసారే చెప్పాడు. అదెట్లా జరుగుతుందో మాత్రం అప్పుడు అతనికి తెలియదు.

దారి చూపింది గ్లోరీ. చౌటుప్పల్ దగ్గర ఒక చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించే అమ్మాయి ఆమె. నోరు పెద్దది, మనసు మంచిది. హైదరాబాదులో పాత సామాన్ల బజారులో కొన్న గిటార్ మూగబోతే, రాగితీగ చుట్టేవాళ్లయితే చాలని గిరి దగ్గరికి తెచ్చింది. బోరు మోటార్లు చుట్టే చేతికి ఇది ఇస్తున్నావేంటమ్మా అని గిరి అడిగితే, పాస్టరు గారు నా గిటార్ వింటే మోటారు కాలుతున్నట్టుంది అన్నారు, అందుకే నీ దగ్గరికి తెచ్చా అంది.

గిటార్ తీగల కింద సన్నటి పెట్టెలు రెండుంటాయి. పికప్ అంటారు. మెడ దగ్గరిది లావు స్వరం, కింది చివరనున్నది పదును స్వరం పట్టుకుంటుంది. ఒక్కో పెట్టెలో వెంట్రుక కంటే సన్నటి రాగితీగ చుట్లు, వాటి అడుగున చిటికెనవేలంత పొడుగు అయస్కాంతం బద్ద. తీగ కదిలితే ఆ అయస్కాంతం పట్టులో అలజడి పుడుతుంది, రాగిచుట్టు దాన్ని కరెంటుగా మారుస్తుంది, అదే స్పీకరు బాక్సులోంచి మోగుతుంది. గిరికి ఇది చెప్పించుకోవలసిన పని లేదు, మోటారూ అదే విద్య. తెగిన చుట్టును మూడు రోజులు కూర్చుని చుట్టాడు. కొత్తగా తెలుసుకున్నది ఇంకొకటి. లోపల ఉన్నది స్పీకర్లలో ఉండే నల్లరకం అయస్కాంతం, మహా బలమైనది. అది స్వరానికి పదును పెడుతుంది. అది తీసి మెత్తటి రకం పెడితే అదే తీగ, అదే చుట్టు, అదే చెయ్యి, గొంతు మాత్రం మారుతుంది.

మెత్తటి రకం అతనికి నల్గొండ పాతఇనుము దుకాణంలో దొరికింది. ఇళ్ల నుంచి పీకేసిన పాత కరెంటు మీటర్లలో, తిరిగే రేకుకు అడ్డంగా, వెండి రంగు అయస్కాంతం ఉంటుంది. దాన్ని కోసి, సానరాయి మీద నీళ్లు పోస్తూ బద్దగా అరగదీశాడు. లావుతీగతో ఒక చుట్ట చేసి, లారీ బ్యాటరీలు కలిపి, క్షణంపాటు కరెంటు కొట్టి మళ్లీ బలం ఎక్కించాడు. ఎక్కువైన బలాన్ని ఇంకో అయస్కాంతం ఎదురుముఖం దగ్గరికి తెచ్చి కొద్దికొద్దిగా దించాడు. బద్ద పికప్‌లో పెట్టాడు. గ్లోరీ దుకాణం అరుగు మీద కూర్చుని బొంగురు తీగను మీటింది.

అది అంగడి రోజు. ఎదురుగా చాయ్ హోటల్ ముందు బీరన్న ఆటో కోసం నిలబడి ఉన్నాడు, తువ్వాల చెవుల మీద బిగించుకుని. గిరి అతన్ని అప్పుడే చూశాడు. రెండోసారి తీగ మోగింది. బీరన్న తువ్వాల చెంగు పైకెత్తాడు. తల అటూ ఇటూ తిప్పి శబ్దం ఎక్కడిదో వెతికాడు. చూపు దుకాణం మీద, కొడుకు మీద పడగానే చెంగు దించి బిగించి, వచ్చిన ఆటో ఎక్కాడు.

“ఏందన్నా, దయ్యాన్ని చూసినట్టు నిలవడ్డవ్?” అంది గ్లోరీ.

“మా బాపు తువ్వాల తీసిండు.”

ఆ రోజు నుంచి అతనికి పిచ్చి పట్టింది. గ్లోరీ ఒక పాత గిటార్ అతని దగ్గరే వదిలేసింది. రెండేళ్లలో నలభై బద్దలు కోశాడు. సగం విరిగాయి, ఆ రకం లోహం ఇనుము కంటే గట్టిది, గాజులా పెళుసు. విరిగినప్పుడల్లా చేతికి అందింది గోడకేసి కొట్టేవాడు. మేకులు, తీగముక్కలు మింగిన బర్రెల కడుపులోకి వేసే అయస్కాంతం ఒకటి పశువుల డాక్టరు దగ్గర అడుక్కొచ్చాడు. అది సానరాయి మీద పగిలి ముక్క చెంపలో దిగింది. రక్తం తుడుచుకోకుండానే రెండో చివర అరగదీశాడు. ఆ మచ్చ అతనికి చివరిదాకా ఉంది.

ఒకనాడు ఇల్లు ఊడుస్తూ నాగరాణి బద్దల వరుస కదిపింది. గిరి ఆమె చెంప మీద కొట్టాడు. నాగరాణి చీపురు కింద పెట్టి, వంట మూలకు వెళ్లి, రోకలి తెచ్చి అతని మోకాలి మీద వేసింది. కూలబడ్డ మనిషి ముందు నిలబడి చెప్పింది: “మీ అమ్మననుకున్నవా. మల్ల చెయ్యి లేస్తె ఈసారి తలకాయనే.” పదిహేను రోజులు గిరి కుంటుతూ తిరిగాడు. మళ్లీ ఆమె మీద చెయ్యెత్తలేదు. దుకాణానికి వచ్చినవాళ్లు కాలికేమైందని అడిగితే మోటారు పడిందని నాగరాణే చెప్పేది, పెద్ద మోటారే అని కూడా కలిపేది.

ఏ బద్ద తండ్రి చెవి ఓర్చుకుంటుందో తండ్రినే అడగడానికి లేదు. అందుకు ఐలేశం ఉపాయం చెప్పాడు. గ్లోరీ బ్యాటరీ బాక్సుతో వెళ్లి గొర్ల మంద పక్కన కూర్చుని వాయించాలి. ఐలేశం ఏదో మాట్లాడుతున్నట్టు బీరన్న పక్కన నిలబడి తువ్వాల వైపు చూడాలి. మొదటిసారి గొర్లు బెదిరి చెల్లాచెదురయ్యాయి. బీరన్న రాయి విసిరితే బాక్సు జాలీ పగిలింది. రెండోసారి తిట్లతో సరిపెట్టాడు. ప్రతిసారీ గిరి దూరంగా తుమ్మల చాటున కూర్చుని పిడికిళ్లు బిగించుకునేవాడు. ఆరోసారో ఏడోసారో తువ్వాల జారింది, ఎవరూ తీయలేదు, బీరన్న ఎత్తి కట్టుకోలేదు. అతని వేళ్లు కర్ర మీద నెమ్మదిగా దరువు వేశాయి. ఐలేశం పొలం గట్టు మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు.

తాళాలు తీసేసి, వాటి జాగాలో గిటార్ బొంగురు తీగల దరువు పెట్టి బీరప్ప కథ చెబుదామని ఐలేశమే బీరన్నకు చెప్పాడు. ఎవరి పని ఇదంతా అని బీరన్న అడగలేదు. అడగకపోవడమే ఒప్పుకోవడమని ఐలేశం అర్థం చేసుకున్నాడు. కిరస్తానీ పిల్ల బీరప్ప కథలోనా అని వాడలో ఇద్దరు ముగ్గురు గొణిగారు. గొర్లు కాసిన దేవుడు మాకూ ఉన్నాడు, నాకేం కొత్త కాదు అని గ్లోరీ నవ్వేసింది.

రెండు వేల పంతొమ్మిది దసరా వెళ్లిన మూడోనాడు, పట్టపగలు, కురుమవాడలో కథ పెట్టుకున్నారు.

పికప్‌లు రెండూ కలిపి మోగించాలంటే వాటి బద్దలు పొత్తుగా కూర్చోవాలి. ఒకటి తిరగబడితే దేనికది విడిగా బాగానే మోగుతుంది. రెండూ కలిస్తే మాత్రం ఒకదాన్నొకటి తినేస్తాయి, లావు స్వరం చచ్చిపోయి ముక్కుతో మాట్లాడినట్టు సన్నటి గొంతు మిగులుతుంది. ఆ పొరపాటు జరగకుండా గిరి ప్రతి బద్దకు ఉత్తరం ముఖాన ఎర్రజాజు చుక్క పెట్టేవాడు, మందలో తమ గొర్లకు పెట్టే గుర్తు లాగే. ఆఖరి రెండు బద్దలు అరగదీసి, చుక్కలు పెట్టి, దసరా రోజు దుకాణంలో గుడ్డ మీద ఆరబెట్టాడు. ఆయుధపూజకు సైదమ్మ వచ్చింది. కొడుకు పనిముట్లన్నీ కడిగింది. పట్టకారు, సుత్తి, సానరాయి, చుట్లు చుట్టే మర, గుడ్డ మీది బద్దలు, దేన్నీ వదలకుండా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టింది.

మూడోనాడు పొద్దున గిరి హడావుడిగా పసుపు తుడిచి, ఎర్రచుక్క పైకి పెట్టి బద్దలు బిగించాడు. ఒక్కో పికప్ విడిగా మోగించి చూశాడు. బ్రహ్మాండంగా ఉంది. రెండూ కలిపి చూసేలోపు కరెంటు పోయింది. ఆటో వచ్చింది.

కథ మొదలైంది. నాలుగేళ్ల తరువాత బీరన్న ఒళ్లో డోలు. తువ్వాల మెడలో ఉంది. గ్లోరీ మెడ దగ్గరి పికప్ మీదే వాయిస్తోంది. గిటార్ దరువు, డోలు దరువు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నడిచాయి. సైదమ్మ ఆడవాళ్లలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. గిరి జనం వెనక నిలబడ్డాడు.

బీరప్ప అక్క అయిన అక్కమహంకాళి ఘట్టం వచ్చేసరికి ఊపు పెంచాలని గ్లోరీ పికప్‌లు మార్చే మీట మధ్యలోకి తోసింది. రెండు పికప్‌లూ కలిశాయి. లావు స్వరం చటుక్కున మాయమైంది. మైకుసెట్టు శ్రీశైలం, ఆ ఊరివాడే, శబ్దం పడిపోయిందని తన పని తాను చేశాడు, మర తిప్పి సౌండు పెంచాడు. బాక్సులు కూతపెట్టాయి. ఆ సన్నటి అరుపు డేరా అంతా నిండింది.

బీరన్న డోలు వదిలేసి చెవి పట్టుకుని ముందుకు బోర్లా పడ్డాడు. వాంతి చేసుకున్నాడు. వెనకనుంచి ఎవరో నవ్వారు. శ్రీశైలం నొప్పి సంగతి తెలియక, ముసలాయనకు పూనకమొచ్చినట్టుంది అన్నాడు.

గిరి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మైకు నిలబెట్టే ఇనుపకడ్డీ చేతికి తగిలింది. మొదటి దెబ్బకు శ్రీశైలం దవడ విరిగింది. ఆ చప్పుడు ముందు వరసలో కూర్చున్నవాళ్లకు వినిపించింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోదానికి చెయ్యి లేచేలోపు శ్రీశైలం వాళ్లు మీదపడ్డారు. డేరా కూలింది. గుంజలు ఊడదీసి కొట్టుకున్నారు. పిల్లలు ఆడవాళ్ల కాళ్ల కింద నలిగారు. గ్లోరీ గిటార్ మెడ రెండుగా విరిగింది. ఆమె నుదురు చిట్లింది. కిందపడ్డ గిరి కుడిచేతిని ఒకడు కాలితో తొక్కిపట్టాడు, ఇంకొకడు గుంజలు దిగ్గొట్టే రాయి ఎత్తి వేశాడు. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు పిండైపోయాయి. పోలీసు జీపు వచ్చేసరికి డోలు మీద కూడా రక్తం ఉంది, ఎవరిదో తెలియదు.

కేసయింది. గిరి నలభై రోజులు నల్గొండ జైల్లో ఉన్నాడు. ఏడాదిన్నర తరువాత పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. శ్రీశైలం దవడ ఒక పక్కకు ఒరిగి అతుక్కుంది, మాట ముద్దగా వస్తుంది. కాగితం మీద వేలిముద్ర వేస్తూ, రాజీ అయితే అయింది గాని దవడ కాగితంతో అతుకుతుందా అని గిరి ముఖం మీదే అడిగాడు.

విరిగిన గిటార్ కోర్టు నుంచి తిరిగి వచ్చింది. గిరి వంకర వేళ్లతో మేకులు విప్పాడు. చివరి పికప్ లోపల బద్ద తిరగబడి ఉంది. పైముఖాన ఎర్రచుక్క, చుక్క చుట్టూ పసుపు మరక. అది జాజు కాదు. జాజు చుక్క కింది ముఖాన ఉంది. పైన ఉన్నది తల్లి పెట్టిన బొట్టు.

అతను ఆ రోజు ఏదీ గోడకేసి కొట్టలేదు. బద్దను తిప్పి పెట్టాలని చూశాడు. పట్టుకోవడానికి వేళ్లు వంగలేదు. సందులోంచి బద్ద ఊడి రాలేదు, పట్టకారు జారి చుట్టు తెగేలా ఉంది. రెండు రోజులు ప్రయత్నించాడు. నాగరాణి సాయం చేస్తానంటే వద్దన్నాడు. మూడోనాడు ఆమె ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి కురుమవాడకు వెళ్లింది. కొడుకు చెయ్యి పనికిరాకుండా పోయిందని, కొడుకు ఇప్పుడు కొట్టలేడని, కావాలంటే వచ్చి చూసుకోమని మామకు గట్టిగా చెప్పి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం బీరన్న దుకాణం మెట్టెక్కాడు. బల్ల ముందు కూర్చున్నాడు. గిరి లేచి నిలబడ్డాడు. బీరన్న కొడుకు కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు, గొర్రె గిట్ట చూసినట్టు. వదిలేశాడు. నడుముకున్న సంచిలోంచి ముల్లు తీసే చిమటా బయటికి తీశాడు.

గిరి ఎడమచేతి వేలితో బద్ద చూపించాడు. బీరన్న చిమటా మొనతో సందు వెతికి, ఊపిరి బిగబట్టి, ఒక్క చుట్టు తెగకుండా దాన్ని బయటికి లాగాడు. వెలుగులో పెట్టి చూశాడు. బొట్టు ఎవరు పెట్టారో అడగవలసిన అవసరం ఆ ఇంటి మనిషికి లేదు. బొటనవేలికి ఉమ్మి తడి చేసుకుని ఆ బొట్టును పూర్తిగా తుడిచేశాడు. ఆరేళ్ల తరువాత కొడుకుతో మొదటి మాట అన్నాడు.

“మీ అమ్మకు చెప్పకు.”

“చెప్ప, బాపు.”

బద్ద తిప్పి లోపలికి జార్చాడు. గ్లోరీ ఇంకో గిటార్ తెచ్చింది, ఆ పికప్‌లు అందులో బిగించారు. ఈసారి రెండూ కలిపి మోగించారు. బీరన్న బాక్సు పక్కనే కూర్చుని, తువ్వాల లేకుండా విన్నాడు. గారోజు ఇది ఇట్లనే మోగితే ఆ పిలగాని దవడ ఉండేదిరా అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

మరుసటి ఎండాకాలం బీరప్ప పండగకు కథ పెట్టారు. మైకుసెట్టు వేరే ఊరిది. కొట్లాట జరిగితే ఈ జన్మలో మళ్లీ ఒగ్గు పట్టనని ఐలేశం ముందే అందరితో చెప్పాడు. గొడవ లేస్తే కథ ఆగుతుంది, కథ ఆగితే బావ మళ్లీ డోలు ముట్టడు అని గిరిని పక్కకు పిలిచి మరీ చెప్పాడు. గిరి డేరా వెనక, బాక్సుకు వచ్చే వైరు దగ్గర కూర్చున్నాడు. ముందు జరిగేది అతనికి కనిపించదు, వినిపిస్తుంది.

బీరన్న డోలు అందుకున్నాడు. గిటార్ దరువు అతన్ని పట్టుకుంది. అక్కమహంకాళి ఘట్టం వచ్చింది. గ్లోరీ మీట మధ్యలోకి తోసింది. లావు స్వరం నిలబడింది. డోలు ఇంకా ఉధృతమైంది.

అప్పుడే శ్రీశైలం ఇద్దరు మనుషులతో డేరా వెనక్కి వచ్చాడు. లేవమన్నాడు. కథ అయినంక వస్తానని గిరి అన్నాడు.

“నా దవడ నీ కథ అయ్యేదాక ఆగిందారా?”

మొదటి తన్ను పక్కటెముకల మీద పడింది. గిరి ఎడమచేతి పక్కనే డేరా మేకులు దిగ్గొట్టే ఇనుపగూటం ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది కూడా. పిడిని పట్టుకున్నాడు. అంతలో డోలు వినిపించింది. గూటాన్ని అందనంత దూరం విసిరేసి, డేరా తాడును రెండు చేతులతో చుట్టి పట్టుకున్నాడు, పనికిరాని వేళ్లు కూడా తాడులోకి దూర్చి. ముగ్గురూ కొట్టారు. ముఖం మీద కొట్టారు. ముందు పళ్లు రెండు ఊడి వచ్చాయి. కనుబొమ చిట్లి కన్ను మూసుకుపోయింది. అరవలేదు, అరిస్తే జనం వెనక్కి వస్తారు. తండ్రి చెవికి ఈ చప్పుడేదీ చేరదని అతనికి తెలుసు.

శ్రీశైలం మళ్లీ కాలెత్తబోయాడు. గిరి నోట్లోని రక్తం ఉమ్మి మాట్లాడాడు.

“అన్నా, వైరు మీద నిలవడ్డవ్. జర ఇవతలికి రా.”

శ్రీశైలం కిందికి చూశాడు. కాలు వైరు మీద ఉంది. పక్కకు జరిపాడు. జరిపి, అదే కాలితో తన్నాడు.

తరువాత వాళ్లకే చెయ్యి ఆడలేదు. తిరిగి కొట్టని మనిషిని కొట్టడం బరువైన పని. ఇద్దరూ వెళ్లిపోయారు. శ్రీశైలం మాత్రం గుంజకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఒరిగిన దవడ పట్టుకుని రొప్పుతున్నాడు.

“ఇంకెంతసేపు?” అన్నాడు.

“బీరప్ప పెండ్లి గావాలె.”

ఇద్దరూ అక్కడే కూర్చుని విన్నారు. పెండ్లి అయింది. ఐలేశం మంగళం పాడాడు. జనం లేచారు. బీరన్నను ముందుకు తీసుకుపోయి భుజాన గొంగడి కప్పారు. వైరు చుట్టుకోవడానికి గ్లోరీ డేరా వెనక్కి వచ్చేసరికి శ్రీశైలం లేడు. గిరి ఇంకా తాడు పట్టుకునే ఉన్నాడు. వదలమంటే వేళ్లు తెరుచుకోలేదు. గ్లోరీ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో వేలే విడదీసింది.